క్యారమ్ బోర్డు మీద ఒక దెబ్బ, రెండు చలనాలు: ప్రాజెక్టు డైరీ

బోర్డు మీద పడుకోబెట్టిన అల్యూమినియం పట్టీకి పక్కనుంచి ఒక దెబ్బ వేస్తాం. సరిగ్గా మధ్యలో తగిలితే నేరుగా జారిపోతుంది. మధ్య నుంచి పక్కకు తగిలితే జారుతూ తిరుగుతుంది. జారడం ఎంత, తిరగడం ఎంత అన్నది దెబ్బ తగిలిన చోటుతో ఎలా మారుతుందో ఇంట్లో ఉన్నవాటితో కొలవడమే ఈ పని. ఎవరైనా మళ్లీ చేసుకోవాలంటే పనికొచ్చేలా రాస్తున్నాను. ధరలు విజయవాడలో నేను కొన్నప్పటివి.

పుస్తకం లెక్క రెండు ముక్కలు. పట్టీ మధ్య బిందువు వేగం = ప్రచోదనం (దెబ్బ బలం × అది తగిలి ఉన్న సమయం) ÷ ద్రవ్యరాశి. కోణీయ వేగం (తిరిగే వేగం) = ప్రచోదనం × దెబ్బ దూరం ÷ జడత్వ భ్రామకం (తిప్పబోతే పట్టీ ఎంత మొరాయిస్తుందో చెప్పే అంకె). దెబ్బ దూరం అంటే మధ్య గీత నుంచి దెబ్బ తగిలిన చోటికి ఉన్న దూరం. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ప్రచోదనం, ద్రవ్యరాశి రెండూ కొట్టుకుపోతాయి. మిగిలేది ఒక పొడవు. దెబ్బ పడిన క్షణంలో పట్టీలో (లేదా పట్టీ అవతల ఊహించుకున్న గీత మీద) అసలు కదలని బిందువు మధ్య నుంచి అంత దూరంలో, దెబ్బకు అవతలి వైపు ఉంటుంది. దాన్ని ఇక్కడ నిలకడ బిందువు అంటాను. దెబ్బ బలం కచ్చితంగా తెలియకపోయినా దీన్ని కొలవొచ్చు. అందుకే మొత్తం పని దీని చుట్టూ తిరిగింది.

దశ 1: పట్టీ

ఆటోనగర్‌లో అల్యూమినియం ఫ్లాట్ తూకానికి అమ్ముతారు. 25 మి.మీ. వెడల్పు, 6 మి.మీ. మందం ఉన్న మీటరు ముక్క తీసుకుని మూడు 300 మి.మీ. ముక్కలు చేయించాను. షేరింగ్ మిషన్ (కత్తెరలా కోసేది) మీద క్షణంలో కోసేస్తారు గానీ, షాపులో మేస్త్రీయే వద్దన్నాడు: "దాని మీద కోస్తే చివర వంకర పోద్ది సార్. హాక్సాతో కోయిస్తా, ఓ పది నిమిషాలు కూర్చోండి." ఆ పది నిమిషాలు కూర్చోవాల్సిందే. చివర కొంచెం వంగినా పట్టీ బరువు బోర్డు మీద సమంగా పడదు, ఘర్షణ లెక్క అంతా చెడుతుంది.

1. చివరలు ఆకురాయితో చదును చేసి పొడవు 300కి తేవాలి.
2. అద్దం పలక మీద పెట్టి నాలుగు మూలలూ నొక్కి చూడాలి. టకటకలాడితే ఆ ముక్క పక్కన పెట్టేయాలి.
3. తూకం వేయాలి. నాది 121 గ్రా. (30 × 2.5 × 0.6 ఘన సెం.మీ., సాంద్రత 2.7 అనుకుంటే 121.5 రావాలి.)
4. మధ్య గీత స్కేలుతో గీశాక, బ్లేడు అంచు మీద నిలబెట్టి సరిచూడాలి. రెండూ అర మి.మీ. లోపే కలిశాయి.

ఇక జడత్వ భ్రామకం. దీర్ఘచతురస్రపు పట్టీకి అది ద్రవ్యరాశి × (పొడవు వర్గం + వెడల్పు వర్గం) ÷ 12. ద్రవ్యరాశి తీసేస్తే 7,552 చ.మి.మీ. ఇకమీద లెక్కంతా ఈ అంకెతోనే. సూత్రాన్ని గుడ్డిగా నమ్మకుండా రెండో ముక్కకు చివర నుంచి 10 మి.మీ. లోపల సన్న రంధ్రం వేసి, మేకుకు తగిలించి, కొద్దిగా మాత్రమే ఊపాను. 50 ఊపులకు 44.2 సెకన్లు. వెనక్కి లెక్కేస్తే 7,517. తేడా అర శాతం. రంధ్రం వేసిన ముక్కను దెబ్బలకు వాడొద్దు.

ఇప్పటికి ఖర్చు: ఫ్లాట్ 150, కోత 40. మొత్తం రూ. 190.

దశ 2: కొట్టేది

వేలితో స్ట్రైకర్ కొట్టడం ముందే వద్దనుకున్నాను. ప్రతిసారీ వేరే మనిషి వేలితో కొట్టినట్టే, బలం మారిపోతుంది.

పాత బేరింగులోంచి తీసిన అంగుళం ఉక్కు గోళీకి ఎం-సీల్‌తో వాషరు అతికించి, నైలాన్ దారంతో లోలకం కట్టాను. పట్టీ జారకుండా ఎగిరింది. వీడియో చూస్తే కారణం కళ్ల ముందే ఉంది. గోళీ నడుము బోర్డు నుంచి 13 మి.మీ. ఎత్తులో ఉంటే పట్టీ మొత్తం మందమే 6. గోళీ దాని పై అంచును ఏటవాలుగా నొక్కుతోంది. దెబ్బలో కొంత కిందికి, కొంత ముందుకు. గోళీని ఇంకా దించుదామంటే బోర్డు అడ్డం.

మార్చింది: గోళీ బదులు 8 మి.మీ. నున్నటి ఇనుప కడ్డీ, 175 మి.మీ. పొడవు, 69 గ్రాములు. ఒక చివర లేత్ మీద గుండ్రంగా తిప్పించాను. కడ్డీని అడ్డంగా పడుకోబెట్టి, రెండు చివరలా ఒక్కో జత దారాలు ఉయ్యాలలాగా కట్టాను. ఇలా కడితే ఊగుతున్నంతసేపూ కడ్డీ నేలకు సమాంతరంగానే ఉంటుంది, పక్కకు ఊగదు. దారాలన్నీ ఒకే పొడవు ఉండటం ముఖ్యం. ఒక దారం 2 మి.మీ. పొట్టిగా ఉన్నా కడ్డీ ముక్కు పైకి లేస్తుంది.

కడ్డీని 5 సెం.మీ. ఎత్తు నుంచి వదిలితే కింద వేగం లెక్క ప్రకారం 0.99 మీ./సె. వీడియోలోనూ అంతే వచ్చింది. చేత్తో వదలకండి, వేలు అంటుకుని కడ్డీ అటూ ఇటూ అవుతుంది. దారంతో వెనక్కి కట్టి, ఆ దారాన్ని అగరుబత్తితో కాలిస్తే నిశ్శబ్దంగా వదులుతుంది.

ఇప్పటికి ఖర్చు: గోళీ 20, ఎం-సీల్, దారం 50, కడ్డీ, లేత్ పని 60. మొత్తం రూ. 320.

దశ 3: వీడియో

పట్టీ మధ్యలో ఒకటి, ఒక చివర ఒకటి ఎర్ర స్టికర్ బొట్లు అతికించాను. బరువు లేనట్టే, గుండ్రంగా ఉంటాయి, సాఫ్ట్‌వేరు తేలిగ్గా పట్టుకుంటుంది. ట్రాకర్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు వాడాను. ఫోను మడత నిచ్చెనకు కట్టి బోర్డుకు 1.2 మీటర్ల ఎత్తులో నిట్టనిలువుగా కిందికి చూసేలా పెట్టాను.

ఇక్కడ మూడు గోతులు ఉన్నాయి.

ఒకటి, ఫోను 240 ఫ్రేములు అంటుంది. ఫ్రేము ఫ్రేము జరిపి చూస్తే బొట్టు ఒక ఫ్రేములో జరిగి, తర్వాతి ఫ్రేములో అక్కడే ఉంది, మళ్లీ జరిగింది. అంటే ఫోను తీసింది 120, మిగతావి జంటలు. 120గానే లెక్కించాను. మీ ఫోను కూడా ఇలా ఒకసారి జరిపి చూసుకోండి. లేకపోతే వేగాలు తప్పకపోయినా పాయింట్లు మెట్లు మెట్లుగా వస్తాయి.

రెండు, ట్యూబ్‌లైటు. మన కరెంటు 50 హెర్ట్జ్, వెలుగు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. కొన్ని ఫ్రేములు చీకటిగా వచ్చి బొట్టు జారిపోయింది. కిటికీ దగ్గరికి జరిపి పగటి వెలుగులో చేశాను. డాబా మీద ఇంకా వెలుగు ఉంటుంది గానీ కృష్ణ మీద నుంచి వచ్చే గాలికి దారాలు ఊగుతాయి, ఎండకు పట్టీ చెయ్యి పెట్టనివ్వదు.

మూడు, కొలబద్ద. స్కేలును బోర్డు మీద కాకుండా పట్టీ ఎత్తులోనే పెట్టాలి. ఫోనుకు దగ్గరగా ఉన్నది పెద్దదిగా కనిపిస్తుంది. 8 మి.మీ. తేడాకు 0.7 శాతం పొరపాటు వస్తుంది.

ప్రతి దెబ్బలోనూ మొదటి 12 ఫ్రేములు, అంటే పదో వంతు సెకను మాత్రమే లెక్కలోకి తీసుకున్నాను.

దశ 4: పౌడరు మీద

క్యారమ్ పౌడరు చల్లి కొట్టిన దెబ్బల ఫలితం ఇది. నిలకడ బిందువు మధ్య నుంచి ఎంత దూరం (మి.మీ.):

దెబ్బ దూరం 25: రావలసింది 302, వచ్చింది 259
దెబ్బ దూరం 50: రావలసింది 151, వచ్చింది 128
దెబ్బ దూరం 140: రావలసింది 54, వచ్చింది 56

చివర కొడితే సరిపోయింది, మధ్యకు దగ్గరగా కొడితే 15 శాతం చెడింది. కొలతల్లో చెయ్యి వణకడం ఇలా ఉండదు, అన్నిచోట్లా చెడుతుంది. ఏదో ఒకటి ఒకవైపే లాగుతోంది.

ఘర్షణ ఉందని ముందే తెలుసు. మధ్యలో కొడితే పట్టీ 0.61 మీ./సె. వేగంతో బయల్దేరి 11 సెం.మీ.లో ఆగిపోయింది, అంటే సెకనుకు 1.7 మీ./సె. చొప్పున తగ్గుతోంది. పదో వంతు సెకనులోనే వేగం 0.17 పోయింది. కానీ ఘర్షణ అయితే జారడాన్నీ తిరగడాన్నీ ఒకే పాళ్లలో తగ్గించాలి కదా, నిష్పత్తి చెడకూడదు కదా? ఇక్కడే ఆగిపోయి కాగితం తీసుకున్నాను.

పొడి ఘర్షణ పట్టీలో ప్రతి ముక్క మీదా ఆ ముక్క కదులుతున్న దిక్కుకు ఎదురుగా లాగుతుంది. ఆ ముక్క వేగంగా పోతోందా నెమ్మదిగా పోతోందా అన్నది దానికి పట్టదు, దిక్కు ఒక్కటే పడుతుంది. దెబ్బ దూరం 25 అయితే నిలకడ బిందువు పట్టీ బయట ఉంది. 50 అయితే సరిగ్గా అవతలి చివర ఉంది. రెండు సందర్భాల్లోనూ పట్టీలోని ముక్కలన్నీ ముందుకే పోతున్నాయి, కొన్ని వేగంగా, కొన్ని నెమ్మదిగా. కాబట్టి ఘర్షణ అన్నిటినీ సమానంగా వెనక్కి లాగుతుంది. సమానంగా లాగితే మధ్య బిందువు చుట్టూ తిప్పే బలం సున్నా. జారడం తగ్గుతుంది, తిరగడం తగ్గదు! అందుకే నిష్పత్తి కిందికి పడింది.

చివర, 140 దగ్గర కొడితే నిలకడ బిందువు పట్టీ లోపల ఉంటుంది. దానికి ఇవతల 204 మి.మీ. ముందుకు, అవతల 96 మి.మీ. వెనక్కి పోతాయి. ఇప్పుడు ఘర్షణలో 36 శాతమే జారడాన్ని ఆపుతుంది, ఎదురు ముక్కలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కానీ తిరగడాన్ని మాత్రం రెండు వైపుల నుంచీ ఆపుతుంది. రెండూ దాదాపు ఒకే పాళ్లలో తగ్గి నిష్పత్తి నిలబడింది. 56 రావడం అదృష్టం. అది చూసి పౌడరు బాగుందనుకుంటే మునిగినట్టే.

తిప్పి వదిలిన క్యారమ్ కాయిన్ తిప్పకుండా వదిలిన దానికంటే ఎక్కువ దూరం జారడానికీ కారణం ఇదే.

ఇప్పటికి ఖర్చు: పౌడరు 30. మొత్తం రూ. 350.

దశ 5: ఆవాలు

ఘర్షణను లెక్కలో సరిచేయొచ్చు. కానీ మా కాలవ గట్టు వీధిలో వాన పడ్డ సాయంత్రానికి పౌడరు ముద్ద కడుతుంది, మర్నాటికి ఘర్షణ వేరే. ఘర్షణనే తీసేయాలి. కింద నుంచి గాలి ఊదే బల్ల చేయడం పెద్ద పని. కాబట్టి ఆవాలు: పట్టీ కింద పరిస్తే బేరింగు గోళీల్లా దొర్లుతాయి.

మొదటిసారి డబ్బాలో ఆవాలు తెచ్చి పోసి కొడితే పట్టీ పౌడరు మీదకంటే ముందే ఆగింది. ముందంచు దగ్గర ఆవాలు గుట్టగా తోసుకుపోయాయి. చిన్న ఆవాల మీద పట్టీ కూర్చుంటే ఎదురొచ్చిన పెద్ద ఆవగింజ దాని కిందికి దూరలేక అంచుకు తగులుతోంది. నాలుగు పాకెట్లలోంచి ఇల్లంతా ఆవాలు పడ్డాయి, అది వేరే కథ.

మార్చినవి:

1. వన్‌టౌన్‌లో అరకిలో పెద్ద ఆవాలు తెచ్చి టీ జాలీతో జల్లించాలి. కిందికి పోయినవి పోపులోకి. పైన నిలిచినవే బోర్డు మీదికి.
2. పగిలినవి, నలగ్గొట్టినట్టు చదునుగా ఉన్నవి ఏరేయాలి. పళ్లెం కొంచెం వంచి దొర్లిస్తే గుండ్రటివి వాటంతటవే కిందికి వస్తాయి, చదునువి ఆగిపోతాయి.
3. పట్టీ అడుగు అంచులు నాలుగూ ఆకురాయితో గుండ్రం చేయాలి. పడవ అడుగులా ఉంటే ఎదురొచ్చిన గింజ మీదికి ఎక్కుతుంది. తూకం దశమాంశాల్లోనే తగ్గింది, 121 అలాగే ఉంచాను.
4. పాకెట్లు అట్టముక్కతో మూసి టేపు వేయాలి.
5. మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చి బోర్డు కింద కాగితం మడతలు పెట్టి సమం చేయాలి. పౌడరు మీద తెలియని వాలు ఆవాల మీద వెంటనే తెలిసిపోతుంది, పట్టీ దానంతట అదే నడిచిపోతుంది.
6. కడ్డీ ఊగే దారిలో ఆవాలు ఊడ్చేయాలి.

ఇప్పుడు మధ్యలో కొడితే పట్టీ బోర్డు అవతలి చెక్కదాకా పోయింది. వేగం తగ్గే రేటు 1.7 నుంచి 0.3కి వచ్చింది.

పక్కన ఇంకో దారి చూసి వదిలేశాను. కప్పీ మీదుగా 5 గ్రాముల బరువు వేలాడదీసి దారంతో పట్టీని లాగడం. లాగే బలం 49 మిల్లీన్యూటన్లు, ఆవాల ఘర్షణే 36. ఎవరితో ఎవరు పోరాడుతున్నారో తెలియదు.

ఇప్పటికి ఖర్చు: ఆవాలు 60, టీ జాలీ 30. మొత్తం రూ. 440.

దశ 6: అంకెలు

ఆవాల మీద, ప్రతి వరసా కొన్ని దెబ్బల సగటు:

దెబ్బ దూరం 25: వేగం 0.58 మీ./సె., కోణీయ వేగం 1.85 రేడియన్లు/సె., నిలకడ బిందువు 314 (లెక్క 302)
దెబ్బ దూరం 50: 0.54, 3.5, 154 (151)
దెబ్బ దూరం 75: 0.47, 4.6, 102 (101)
దెబ్బ దూరం 100: 0.40, 5.2, 77 (76)
దెబ్బ దూరం 140: 0.31, 5.65, 55 (54)

25 దగ్గర తేడా ఎక్కువ ఉండటంలో వింత లేదు. అక్కడ కోణీయ వేగం చిన్నది, భాగహారంలో దాని పొరపాటే పెద్దదవుతుంది.

ఇంటర్ ఫస్టియర్ చదువుతున్న మా అక్క కూతురు ఈ పట్టిక చూసి రెండో గడి మీద వేలు పెట్టింది.

"మావయ్యా, చివర కొట్టినా మధ్యలో కొట్టినా సెంటర్ ఒకేలా కదలాలని కదా మా సార్ చెప్పింది? ఇక్కడ 0.58 నుంచి 0.31కి పడిపోయిందేంటి?"

"తిరగడానికి శక్తి పోయింది కాబట్టి అని రాస్తే?"

"అలా రాస్తే మార్కులిస్తారు. కానీ నిజమా?"

నిజం కాదు. వీడియోలో కడ్డీ కూడా ఉంది కాబట్టి దాన్నీ ట్రాక్ చేశాను. మధ్యలో కొట్టినప్పుడు కడ్డీ కొద్దిగా వెనక్కి వచ్చింది, 0.08 మీ./సె. 50 దగ్గర దాదాపు ఆగిపోయింది. 100 దగ్గర 0.27తో, 140 దగ్గర 0.44తో ముందుకే సాగిపోయింది. కడ్డీ వేగంలో వచ్చిన మార్పును 69తో గుణిస్తే అది ఇచ్చిన ప్రచోదనం వస్తుంది. పట్టీ వేగాన్ని 121తో గుణిస్తే పట్టీ పుచ్చుకున్నది వస్తుంది (గ్రా.మీ./సె.):

దెబ్బ దూరం 0: కడ్డీ ఇచ్చింది 73.8, పట్టీకి వచ్చింది 72.6
దెబ్బ దూరం 50: 66.2, 65.3
దెబ్బ దూరం 100: 49.7, 48.4
దెబ్బ దూరం 140: 38.0, 37.5

రెండు వరసలూ కలిసిపోయాయి. మిగిలిన చిన్న లోటు ఆవాల ఘర్షణది. అంటే మధ్య బిందువు తనకు అందిన ప్రచోదనానికి తగ్గట్టే కదిలింది, దెబ్బ ఎక్కడ తగిలిందన్నది దానికి పట్టలేదు. తగ్గింది ప్రచోదనమే. ఒకే ఎత్తు నుంచి వదిలిన కడ్డీ చివర కొట్టినప్పుడు తక్కువ ఇచ్చింది, ఎందుకంటే పట్టీ చివర తేలిగ్గా పక్కకు తప్పుకుంటుంది. తగిలిన చోట కడ్డీకి తెలిసే బరువు 121 ÷ (1 + దెబ్బ దూరం వర్గం ÷ 7,552). 50 దగ్గర 91 గ్రాములు, 100 దగ్గర 52, 140 దగ్గర 34. 69 గ్రాముల కడ్డీ తనకంటే తేలికైనదాన్ని కొడితే ముందుకే సాగుతుంది.

శక్తి కూడా లెక్కేసి చూపించాను. మధ్యలో కొట్టినప్పుడు జారడంలో 21.8 మిల్లీజౌళ్లు. 100 దగ్గర జారడంలో 9.7, తిరగడంలో 12.3, మొత్తం 22. జారడంలోంచి తీసి తిరగడానికి ఇచ్చినట్టు కనిపిస్తుంది గానీ, ఇది ఈ కడ్డీ, ఈ పట్టీ బరువులకు దాదాపు సరిపోయిన సంగతి. ప్రచోదనం ఒకేలా ఉంచగలిగితే జారే వేగం ఏమీ తగ్గదు, తిరిగే శక్తి పైన అదనంగా వస్తుంది. ఆ అదనం కొట్టినవాడి చేతిలోంచి వస్తుంది.

ఇంకొకటి సరిచూశాను. 140 దగ్గర కొడితే నిలకడ బిందువు 54 దగ్గర ఉంది. మరి 54 దగ్గర కొడితే? 143 వచ్చింది, లెక్క 140. రెండు చోట్లూ ఒకదానికొకటి జతలు. లోలకాన్ని వేలాడదీసే బిందువు, దాని డోలన కేంద్రం (అవతలి వైపు ఉండే దాని జత బిందువు) ఇలాగే చోట్లు మార్చుకోగలవని 1673లోనే డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ చూపించాడు. దశ 1లో మేకుకు తగిలించి ఊపినది కూడా ఆ 140 దగ్గరే.

దశ 7: ఫోను లేకుండా

వీడియో, సాఫ్ట్‌వేరు అందరికీ కుదరవు. తరగతిలో చూపించడానికి ఇది చాలు. ఆవాలు తీసేసి పౌడరు మీదే చేయొచ్చు, ఎందుకంటే మనకు కావలసింది మొదటి క్షణమే.

1. దెబ్బ తగిలే చివరకు అవతలి చివర దగ్గర, పట్టీకి ముందు ఒక తెల్ల కాయిన్, వెనక ఒక నల్ల కాయిన్ ఆనించి పెట్టాలి.
2. 25 దగ్గర కొట్టాలి. తెల్లది ముందుకు పోతుంది.
3. 140 దగ్గర కొట్టాలి. నల్లది వెనక్కి, కొట్టినవాడి వైపే వస్తుంది. పిల్లలు మళ్లీ చేయమనేది ఇదే.
4. 50 దగ్గర కొట్టాలి. దెబ్బ పడిన క్షణంలో రెండూ కదలవు, పట్టీ ఆ చివర చుట్టూ తలుపులా తెరుచుకుంటుంది.

ఈ పరీక్షకు వేలితో కొట్టిన స్ట్రైకర్ కూడా సరిపోతుంది. బలం ఎంతైనా చోటు మారదు. పట్టీ పొడవు వేరే అయితే 50 బదులు పొడవులో ఆరో వంతు తీసుకోవాలి: 450 మి.మీ. పట్టీకి 75, మీటరు స్కేలుకు 167. పట్టీ అంతటా ఒకే మందం ఉండాలి. హ్యాండిలు ఉన్న క్రికెట్ బ్యాటుకు ఈ ఆరో వంతు పనిచేయదు, దాన్ని ముందు మేకుకు వేలాడదీసి ఊపి కొలుచుకోవాల్సిందే.

మొత్తం ఖర్చు: రూ. 440. గోళీ మానేస్తే 420. ఫోను లేని పరీక్ష ఒక్కటే చేసేవాళ్లకు పట్టీ, పౌడరు కలిపి 220.